మంచు కొండల్లో అవలాంచ్: అపోహలు - వాస్తవాలు

చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కో వచ్చే మన తెలుగు కుర్రాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇదే: "అన్నా, గట్టిగా అరిస్తే మంచు కూలుతుందా?" కూలదు. సినిమాల పుణ్యమా అని ఆ భయం పోవట్లేదు. గొంతుకు అంత బలం లేదు, కాలికి ఉంది.

అపోహ: అవలాంచ్, అంటే కొండ వాలు మీంచి ఒక్కసారిగా జారిపడే మంచు, ఎక్కడో పైనుంచి దానంతటదే వచ్చి పడుతుంది.

వాస్తవం: స్కీయర్లు, ట్రెక్కర్లు చిక్కుకున్న ప్రమాదాల్లో ఎక్కువసార్లు దాన్ని కదిలించింది వాళ్లో, వాళ్ల బృందంలోని మరొకరో. మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. సీజన్ మొదట్లో పల్చగా పడిన మంచుకు కింద నేల వెచ్చదనం, పైన ఎముకలు కొరికే చలి. కొన్నాళ్లకు అది పంచదార పలుకుల్లా మారి, ఒకదానికొకటి అంటుకోదు. తర్వాత పడ్డ మంచు గాలికి గట్టిపడి దానిమీద పలకలా కూర్చుంటుంది. మనం అడుగేస్తే కింది పొర కుంగి, పలక మొత్తం పగిలి జారుతుంది. కాళ్ల కింద 'ధుమ్'మన్నా, మంచులో పగులు సాగినా వెనక్కి తిరగండి. శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే.

అపోహ: నిట్టనిలువు కొండల మీదే ప్రమాదం.

వాస్తవం: మరీ నిట్టనిలువు చోట మంచు ఎప్పటికప్పుడు రాలిపోతుంది. పలకలు జారేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద, అంటే స్కీయింగ్‌కి సరదాగా ఉండే వాలే. మీరు చదునుగా ఉన్నచోట నిలబడినా, నెత్తిమీద అలాంటి వాలుంటే లెక్క ఒకటే.

అపోహ: నడి చలికాలంలో తప్ప భయం లేదు.

వాస్తవం: ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం మీద అవలాంచ్‌లో 29 మంది ప్రాణాలు పోయింది 2022 అక్టోబరు 4న. సిక్కింలోని నాథూ లా కనుమ దారిలో పర్యాటకులు చనిపోయింది 2023 ఏప్రిల్‌లో.

అపోహ: ఆకాశం తేటపడింది, ఇక వెళ్లొచ్చు.

వాస్తవం: మంచు కురవడం ఆగిన తర్వాతి ఒకటి రెండు రోజులే నాకు ఎక్కువ టెన్షన్. ఎండ చూసి అందరూ ఎగబడేదీ అప్పుడే.

అపోహ: బీకన్ (మంచు కింద మనమెక్కడున్నామో సిగ్నల్ పంపే చిన్న పరికరం) ఉంది, రెస్క్యూ వాళ్లు తీస్తారు.

వాస్తవం: 2016లో సియాచిన్‌లో ఆరు రోజుల తర్వాత ఒక జవాను ప్రాణాలతో దొరికాడు. అది అరుదులోకెల్లా అరుదు, ఆయన కూడా తర్వాత ఆస్పత్రిలో కన్నుమూశారు. మామూలుగా తొలి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తేనే ఆశ. ఆలోగా కింది నుంచి ఎవరూ రాలేరు, తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే. బీకన్ చోటు చూపిస్తుంది, అంతే. ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార కూడా ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. డబ్బు కట్టే ముందే ట్రెక్ కంపెనీని వీటి గురించి, డీజీఆర్‌ఈ (అవలాంచ్ ముప్పును అంచనా వేసే డీఆర్‌డీవో సంస్థ) హెచ్చరికలు ఎవరు చూస్తారో అడగండి.