కంకర మిషన్ లోపల ఏం జరుగుతుంది?

పిల్లలూ,

క్రషర్‌లో అంత పెద్ద బండ ఎలా నలుగుతుందని అడిగారు కదా, ఉత్తరంలోనే చెప్తాను, ఎందుకంటే దాని దగ్గరికి మిమ్మల్ని ఎవరూ వెళ్లనివ్వరు, వెళ్లకూడదు కూడా.

టిప్పర్ దించిన బండలు ముందు హాపర్‌లో, అంటే గరాటు లాంటి పెద్ద తొట్టిలో పడతాయి. అక్కణ్ణుంచి ఫీడర్ అదురుతూ వాటిని కొద్దికొద్దిగా జా క్రషర్‌లోకి తోస్తుంది. లోపల రెండు దవడలుంటాయి, మనం నమిలినట్టే, ఒకటి కదలదు, రెండోది ఆడుతుంది. పైన వెడల్పు, కింద ఇరుకు. రాయి పగిలిన కొద్దీ కిందికి జారి, అక్కడ మళ్లీ నలిగి, అడుగున సందు ఎంత పెడితే దాదాపు ఆ సైజులో బయటపడుతుంది.

దవడలకు బిగించే ప్లేట్లు మాంగనీస్ స్టీలువి. దీన్ని 1882లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ కనిపెట్టాడు. దెబ్బలు తగిలే కొద్దీ దాని పైపొర ఇంకా గట్టిపడుతుంది! అయినా గ్రానైట్ ముందు అరగక తప్పదు, కింది భాగమే ముందు అరుగుతుంది కాబట్టి ప్లేటును తలకిందులు చేసి మళ్లీ బిగిస్తారు.

దవడను ఆడించేది ఎక్సెంట్రిక్ షాఫ్ట్. మధ్య భాగం ఇరుసుకు కాస్త పక్కకు జరిగి ఉండటం వల్ల అది తిరిగినప్పుడల్లా దవడ ముందుకూ వెనక్కూ వెళ్తుంది. సగం చుట్టులోనే రాయి నలుగుతుంది, మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలో మోటారు ఇచ్చిన బలాన్ని పక్కనున్న ఫ్లైవీల్ అనే పెద్ద బరువైన చక్రం దాచిపెట్టి, రాయి అడ్డొచ్చినప్పుడు అందిస్తుంది. అందుకే మోటారు ఆపినా మిషన్ వెంటనే ఆగదు, చేతులు పోయే ప్రమాదం అక్కడే ఉంది.

నాకు బాగా నచ్చేది మాత్రం టాగిల్ ప్లేట్. దవడ అడుగు భాగానికి వెనకనుంచి దన్నుగా నిలబడే ఇనుప పలక అది, టెన్షన్ రాడ్, స్ప్రింగ్ కలిసి దాన్ని పడిపోకుండా పట్టి ఉంచుతాయి. పొక్లెయిన్ బకెట్ పన్ను ఊడి రాళ్లతోపాటు లోపల పడిందనుకోండి, ఆ ఇనుము నలగదు, షాఫ్టో ఫ్రేమో విరగాలి. అలా జరక్కుండా ముందు ఈ పలకే విరిగిపోయేలా కావాలనే చేస్తారు. పలక మార్చుకోవచ్చు, షాఫ్ట్ పోతే లక్షలు.

1858లో అమెరికాలో ఎలై విట్నీ బ్లేక్ రోడ్డు కంకర కోసమే ఇలాంటి మిషన్‌కు పేటెంట్ తీసుకున్నాడు.

నలిగిన రాయి బెల్టు మీద స్క్రీన్‌కు, అంటే జల్లెడకు వెళ్లి 40 ఎంఎం, 20 ఎంఎం అని వేరవుతుంది. అక్కడ లేచే దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, ఆ జబ్బు వస్తే నయం కాదు. నీళ్లు చల్లకుండా నడిపే క్రషర్ వైపు అస్సలు పోకండి.

మీ తాతయ్య