హజ్, ఖుర్బానీ: మన ఊళ్లలో వినిపించే అపోహలు, అసలు విషయాలు

హజ్‌కు వెళ్లేవాళ్లకు మసీదులో శిక్షణ ఇవ్వడం, బక్రీద్ ముందు ఖుర్బానీ, అంటే ఆ పండగకు ఇచ్చే జంతు బలి గురించిన సందేహాలకు జవాబు చెప్పడం నేను చేసే పని. విజయనగరంలో ఉంటాను. బొబ్బిలి, చీపురుపల్లి, శ్రీకాకుళం వైపు నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చదవడం మాత్రం తెలుగులోనే అలవాటైన మా పిల్లలు, కుతూహలంతో అడిగే ఇరుగుపొరుగువాళ్లు, ఇద్దరూ చదువుకోవాలని ఇది రాస్తున్నాను. మా వైపు ఎక్కువమంది ఇస్లాం ధర్మశాస్త్ర పద్ధతుల్లో ఒకటైన హనఫీ పద్ధతి పాటిస్తారు కాబట్టి నియమాలు దాని ప్రకారమే చెబుతాను. మిగతా పద్ధతుల్లో కొన్ని తేడాలున్నాయి.

అపోహ: ఖుర్బానీ అంటే దేవుడికి రక్తమాంసాలు సమర్పించడం.

"ఆ మాంసం మీ దేవుడికి నైవేద్యమేటండీ?" అని పక్కింటివాళ్లు మర్యాదగానే అడుగుతారు. గ్రామదేవతల మొక్కులు చూస్తూ పెరిగిన నేల ఇది. ఆ ప్రశ్న రావడంలో తప్పేమీ లేదు. జవాబు ఖుర్ఆన్ 22వ సూరా (అధ్యాయం) 37వ ఆయత్ (వాక్యం)లో సూటిగా ఉంది. ఆ జంతువుల మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌కు చేరవు, చేరేది మీ తఖ్వా, అంటే మీలోని దైవభీతి మాత్రమే. మాంసం మనుషులే తింటారు, మనుషులకే పంచుతారు.

దీని వెనకున్న ప్రవక్త ఇబ్రాహీం అలైహిస్సలాం (ఆయనకు శాంతి కలుగుగాక) కథ కూడా సగమే తెలుసు చాలామందికి. కొడుకుని బలి ఇవ్వబోయాడని చెప్పి ఆపేస్తారు. 37వ సూరాలో ఆ ఘట్టం చదివితే నేను ప్రతిసారీ ఆగిపోయే చోటు ఒకటుంది. కలలో నిన్ను జిబహ్ చేస్తున్నట్టు, అంటే బలి ఇస్తున్నట్టు చూశాను, నువ్వేమంటావో ఆలోచించి చెప్పు అని తండ్రి కొడుకుని అడుగుతాడు. ముసలితనంలో, ఎన్నో ప్రార్థనల తర్వాత పుట్టిన బిడ్డ. చేయి పట్టుకుని లాక్కుపోలేదు, మాయమాటలు చెప్పి తీసుకెళ్లలేదు. కొడుకు తానుగా ఒప్పుకున్నాడు, మీకు ఆజ్ఞ అయినట్టే చేయండి నాన్నా అన్నాడు. ఇద్దరూ సిద్ధపడ్డాక దేవుడే ఆపాడు, బదులుగా ఒక గొప్ప బలిని ఇచ్చాడు. ఆ అబ్బాయి పేరు ఖుర్ఆన్‌లోని ఆ ఘట్టంలో లేదు. ఇస్మాయీల్ అలైహిస్సలాం అని అత్యధిక ముస్లిం పండితులు చెబుతారు. దేవుడు బిడ్డ ప్రాణం కోరలేదు. అన్నిటికంటే ప్రియమైనదాన్ని కూడా నాదే అని గుప్పిట్లో బిగించుకోకుండా ఉండగలవా అని పరీక్షించాడు. హజ్‌లో అయినా, బక్రీద్‌లో అయినా నేను నేర్పడానికి తాపత్రయపడేది ఈ ఒక్క విషయమే. ఆ గుప్పిట విప్పకపోతే ఎంత ఖరీదైన పొట్టేలు కోసినా మిగిలేది మాంసమే.

అపోహ: పెద్ద పొట్టేలు, ఎక్కువ ధర అయితే పుణ్యం ఎక్కువ.

మంచి జంతువును ఎంచుకోవడం సున్నతే, అంటే ప్రవక్త చూపిన పద్ధతే. కానీ పండగకి ముందు పొట్టేలు పక్కన నిలబడి, రేటు చెబుతూ వీడియోలు పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. ధర్మం అడిగేది వేరే. మేకకైనా గొర్రెకైనా ఏడాది నిండాలి. ఏడాది పిల్లలతో సమానంగా కనబడేంత పుష్టిగా ఉంటే ఆరు నెలలు దాటిన గొర్రె కూడా చెల్లుతుంది. గుడ్డిది, నడవలేనంత కుంటిది, రోగంతో ఉన్నది, ఎముకలు తేలినంత బక్కది పనికిరావు.

సంతలో అమ్మేవాడు "ఏడాది దాటిందండీ" అనే చెబుతాడు. నోరు తెరిచి చూడండి. ఎడమచేత్తో దవడ పట్టుకుని కింది పెదవిని బొటనవేలితో కిందికి లాగితే ముందు పళ్లు కనబడతాయి. చిన్నచిన్న పాలపళ్ల మధ్యలో రెండు వెడల్పాటి పళ్లు వచ్చి ఉంటే అది ఏడాది దాటినట్టే. మేకలు కాచేవాళ్లు దాన్నే "రెండు పళ్లు వేసింది" అంటారు. పళ్లు వేయకపోయినా వయసు నిండి ఉండొచ్చు. పుట్టిన నెల నమ్మకంగా చెప్పగలిగిన పెంపకందారు దగ్గర కొంటే సరిపోతుంది. తర్వాత నాలుగడుగులు నడిపించి చూడండి.

జంతువును హింసించకూడదన్నది కూడా ఇబాదత్‌లో (ఆరాధనలో) భాగమే. దాని కళ్లెదుట కత్తి నూరకూడదు, ఒకదాని ముందు ఇంకొకదాన్ని కోయకూడదు. కత్తి బాగా పదునుగా ఉండాలని, జంతువుకు బాధ తగ్గించాలని ప్రవక్త ముహమ్మద్ (స: ఆయనపై శాంతి, శుభాలు కలుగుగాక) ఆదేశం సహీ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. హదీసు అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన నివేదిక. పండగ నమాజు కాకముందే కోస్తే అది ఖుర్బానీ కిందికి రాదు, మామూలు మాంసమే. గడువు జిల్‌హజ్ (బక్రీద్ వచ్చే ఇస్లామీ నెల) 12 సూర్యాస్తమయం దాకా ఉంది. కాబట్టి మొదటి రోజే కసాయి దొరకలేదని టెన్షన్ పడక్కర్లేదు.

మన దగ్గర మామూలైపోయిన ఇంకో పొరపాటు తోలు. "తోలు నువ్వు తీసుకో, కూలి తగ్గించుకో" అని కసాయితో బేరం. ఖుర్బానీ జంతువులో ఏ భాగాన్నీ కూలి కింద ఇవ్వకూడదని ప్రవక్త సహచరుడు హజ్రత్ అలీ (ర: అల్లాహ్ ఆయన పట్ల సంతుష్టుడగుగాక) చెప్పిన హదీసు బుఖారీ అనే మరో హదీసు గ్రంథంలో ఉంది. కూలి డబ్బు విడిగా పూర్తిగా ఇచ్చేయండి. ఆ మీద మాంసం బహుమతిగా ఇస్తే సంతోషమే. తోళ్లకు ఇప్పుడు పెద్దగా ధర రావడం లేదు. అయినా నియమం నియమమే.

అపోహ: ఈ ఏడాది నాన్న పేరు మీద, వచ్చే ఏడాది అమ్మ పేరు మీద, అలా వంతులు వేసుకోవచ్చు.

హనఫీ పద్ధతిలో ఖుర్బానీ ఇంటికి లెక్క కాదు, మనిషికి లెక్క. పండగ రోజుల్లో అవసరాలు, బాకీలు పోగా 52.5 తులాల వెండి, అంటే 612.36 గ్రాముల విలువకు సరిపడా ఆస్తి ఎవరి దగ్గరుంటే వాళ్ల మీద వాజిబ్ (తప్పనిసరి). భార్య నగలు ఆ విలువ దాటితే ఆమెది ఆమెకే. ఎవరైనా తనది వదిలేసి, చనిపోయిన తాతగారి పేరు మీద మాత్రమే ఇస్తే, తన బాధ్యత అలాగే మిగిలిపోతుంది. అంత ఆస్తి లేనివాళ్ల మీద ఏ బాధ్యతా లేదు. నలుగురూ ఏమనుకుంటారో అని అప్పు చేసి మేకను కొనేవాళ్లను చూస్తే వద్దని చేతులు పట్టుకుని చెబుతాను.

అపోహ: మాంసం ముస్లింలకే ఇవ్వాలి, మూడు భాగాలు తూకం వేసి పంచాలి.

మూడు భాగాలు మంచి పద్ధతి. ఇంటికి ఒకటి, బంధుమిత్రులకు ఒకటి, పేదలకు ఒకటి. తప్పనిసరి తూకం కాదు. పెద్ద కుటుంబం ఉన్న పేదవాడు ఎక్కువ ఉంచుకోవచ్చు, ఉన్నవాడు మొత్తం ఇచ్చేయొచ్చు. ఇతర మతాల పొరుగువాళ్లకు ఇవ్వొచ్చు. ప్రవక్త సహచరుడు అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర) తన ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగాయనకు పంపారా అని ఇంటివాళ్లను పట్టుబట్టి అడిగారు. మాంసం తినని ఇళ్లకు మా ఆవిడ సేమ్యా పంపుతుంది.

అపోహ: హజ్ చేస్తే అన్ని పాపాలూ పోతాయి, కొత్త లెక్క మొదలు.

అశ్లీలానికీ పాపానికీ దూరంగా హజ్ చేసినవాడు తల్లి కన్న రోజున ఉన్నట్టు పాపం లేకుండా తిరిగొస్తాడన్న హదీసు నిజం. అయితే అందులో మనుషుల హక్కులు కలవవు. ప్రాణమిచ్చిన షహీదుకు కూడా అన్నీ మాఫీ, అప్పు తప్ప, అని సహీ ముస్లింలో ఉంది. అంతకంటే స్పష్టంగా ఏం చెప్పాలి?

అందుకే శిక్షణ మొదటి రోజున ఇహ్రాం (హజ్‌లో మగవాళ్లు కట్టుకునే తెల్లని వస్త్రాలు) కట్టడం నేర్పే ముందు అందరికీ తెల్లకాగితం ఇస్తాను. ఎవరికి ఏం బాకీ ఉన్నారో రాయమంటాను. ఒకసారి ఒక పెద్దాయన కిరాణా కొట్టు బాకీ, అల్లుడి దగ్గర చేబదులు, మేస్త్రీకి ఇవ్వాల్సిన కూలి చకచకా రాశారు. నాలుగో వరుసలో చెల్లెలి పేరు రాసి పెన్ను పక్కన పెట్టేశారు. తండ్రి పొలంలో ఆమె వాటా ఆయన పేరు మీదే ఉండిపోయింది. "అది అడగలేదండీ ఎప్పుడూ" అన్నారు. అడగకపోతే హక్కు పోదు. ఖుర్ఆన్ 4వ సూరా కూతురి వాటాను అంకెల్లో చెప్పింది. కొడుక్కి రెండు భాగాలైతే కూతురికి ఒకటి. ఆయన బొబ్బిలి వెళ్లి, చెల్లెలితో మాట్లాడి, రిజిస్ట్రేషన్ చేయించాకే ప్రయాణమయ్యారు. చెల్లెలి వాటాను పట్టుకుని ఉన్న చేత్తో దుఆ కోసం అరచేతులెలా చాపుతాం?

అపోహ: కాబాను, నల్లరాయిని పూజిస్తారు. దెయ్యాన్ని స్తంభంలో బంధించారు, దాన్నే కొడతారు.

మక్కాలోని కాబా నమాజుకు దిశ మాత్రమే, పూజించే వస్తువు కాదు. మదీనాకు వచ్చిన కొత్తలో ప్రవక్త (స) జెరూసలేం వైపు తిరిగే నమాజు చేశారు, హిజ్రీ 2లో, అంటే ఆయన మదీనాకు వలస వచ్చిన రెండో ఏట, దిశ మారింది. మక్కా వశమైన రోజు ప్రవక్త సహచరుడు బిలాల్ (ర) కాబా పైకెక్కి అజాన్ (నమాజు పిలుపు) ఇచ్చారు. ప్రవక్త సహచరుడు హజ్రత్ ఉమర్ (ర) కాబా మూలలో అమర్చిన నల్లరాయితో అన్న మాట బుఖారీలో ఉంది. నువ్వు రాయివి, మేలూ కీడూ చేయలేవు, ప్రవక్త ముద్దు పెట్టుకోవడం చూడకపోతే నేను పెట్టుకునేవాణ్ని కాదు. తోపులాటలో ఇంకొకరిని నెట్టి దాన్ని ముద్దాడటం సున్నత్ కాదు. దూరం నుంచి చేయెత్తి సైగ చేస్తే చాలు.

ఇక హజ్‌లో రాళ్లు విసిరే మూడు చోట్లైన జమరాత్ దగ్గర షైతాన్ కూర్చుని లేడు. ఇబ్రాహీం అలైహిస్సలాంను షైతాన్ ఆపబోయిన చోట్లకు అవి గుర్తులు. శనగగింజంత రాళ్లు ఏడేసి విసరాలి. చెప్పులు, గొడుగులు విసరడం అజ్ఞానం. జనం నలగకుండా 2004లో పాత స్తంభాల చోట పొడవాటి గోడలు కట్టారు.

సఫా, మర్వాల మధ్య నడిచే సయీ గురించి తక్కువమంది అడుగుతారు, నేను మాత్రం ఎక్కువసేపు చెబుతాను. నీళ్లు లేని లోయలో పసిబిడ్డతో ఒంటరిగా మిగిలిన హాజిరా అమ్మ (ఇబ్రాహీం అలైహిస్సలాం భార్య), నీటి కోసం ఆ రెండు గుట్టల మధ్య ఏడుసార్లు తిరిగింది. రాజైనా కూలీ అయినా హజ్‌కు వెళ్లినవాడు ఆ తల్లి అడుగుల్లో నడవాల్సిందే.

అపోహ: ఏడుసార్లు ఫలానా దర్గాకు వెళ్తే ఒక హజ్‌తో సమానం.

మా విజయనగరం బాబామెట్ట ఖాదర్ వలీ బాబా దర్గాకు మతాలతో పనిలేకుండా జనం వస్తారు, ఆ గౌరవం నాకూ ఉంది. కానీ హజ్‌కు చోటు మక్కా, దాని దగ్గర ఉన్న మినా, అరఫాత్, ముజ్దలిఫా. కాలం జిల్‌హజ్ 8 నుంచి 12 లేదా 13. తొమ్మిదో తేదీన అరఫాత్‌కు చేరకపోతే మక్కాలో ఉన్నా హజ్ లేదు. స్తోమత లేనివారి మీద హజ్ అసలు విధే కాదు, కాబట్టి ప్రత్యామ్నాయం వెతుక్కోవాల్సిన పని లేదు.

అపోహ: ప్రభుత్వ ఖర్చుతో హజ్ చేస్తారు.

కేంద్రం హజ్ సబ్సిడీని 2018లో పూర్తిగా ఎత్తేసింది. దశలవారీగా తీసేయమని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. ఉన్నప్పుడు కూడా అది విమాన టికెట్టులో రాయితీ. విజయవాడ నుంచి వెళ్లేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం కొన్ని సంవత్సరాలు సాయం ప్రకటించిన మాట నిజమే. మిగతాదంతా యాత్రికుడి డబ్బే.

అపోహ: ఆడపిల్లల పెళ్లిళ్లు అయ్యాక, ముసలితనంలో వెళ్లాలి.

పిల్లల పెళ్లి హజ్‌కు షరతు కాదు. ఇంటివాళ్ల పోషణకు ఉంచి, బాకీలు తీర్చి, వెళ్లి రావడానికి డబ్బు, ఆరోగ్యం ఉంటే హజ్ ఫర్జ్ (తప్పనిసరి విధి) అయిపోయినట్టే. మా దగ్గరికి మోకాళ్లు అరిగిపోయాక వచ్చేవాళ్లే ఎక్కువ. 2024 హజ్‌లో 51 డిగ్రీలు దాటిన ఎండలో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది అనుమతి లేకుండా వెళ్లి నీడ, బస్సు దొరక్క మండుటెండలో నడిచినవాళ్లు. పర్మిట్ అక్కర్లేదు, మేం చూసుకుంటాం అనే ఏజెంటును నమ్మకండి.

హజ్‌కు ఎంపికైనవాళ్ల జాబితాలో పేరొచ్చినవాళ్లు ఇప్పటి నుంచే నడక మొదలుపెట్టండి. హజ్ రోజుల్లో ఒక్కోరోజు పది కిలోమీటర్ల పైనే నడవాల్సి రావచ్చు. పొద్దున్నే ఫజర్ నమాజు అయ్యాక అయ్యకోనేరు గట్టు మీద మొదట అరగంట, తర్వాత గంట. అక్కడ వేసుకోబోయే చెప్పులతోనే నడవండి, కొత్తవి అక్కడికెళ్లాక వేసుకుంటే రెండో రోజుకే పొక్కులొస్తాయి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు మందుల చీటీ చూపించి డాక్టరుతో ముందే మాట్లాడి, మందులు ప్రయాణానికి మించి పది రోజులకు ఎక్కువగానే తీసుకెళ్లండి.