రాక్షసగుళ్లలో రాజున్నాడా? పాత సమాధి ఎవరిదో తేల్చడం: అపోహలు - వాస్తవాలు

కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు మెట్టచేలల్లో నీటికుంట కోసం జేసీబీ దించితే, ఒక్కోసారి బకెట్ పళ్లకు నిలువుగా పాతిన బండ తగులుతుంది. బండ పక్కకు జరిగిందంటే లోపల నలుపు-ఎరుపు కుండలు, తుప్పుగడ్డలా మారిన ఇనుప కత్తి, ముట్టుకుంటే రాలిపోయే ఎముకలు. సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో అది రాజుగారి సమాధి. మర్నాటికి ఆ రాజుకో పేరు, ఆ పేరుకో వంశం.

తవ్వకం పనిలో పేరు పెట్టడం అన్నిటికన్నా చివర వస్తుంది. చాలాసార్లు అసలు రాదు. ఎందుకు రాదో ఒక్కో అపోహే తీసుకుని చూద్దాం.

అపోహ: అంత పెద్ద బండలు ఎత్తారంటే రాజుదే అయ్యుండాలి

మన వైపు రాక్షసగుళ్లు, పాండవగుళ్లు అనేవి చాలావరకు ఇనుపయుగపు సమాధులు. దక్షిణాదిలో ఇవి సుమారు క్రీ.పూ. 1200 నుంచి క్రీ.శ. తొలి శతాబ్దాల దాకా కట్టారు. చుట్టూ గుండ్రాళ్ల వలయం, మధ్యలో నాలుగు పలకబండలు నిలబెట్టి చేసిన రాతిపెట్టె, పైన మూతబండ. ఇందులో ఎక్కువ కాలానికి మన ప్రాంతంలో రాతే లేదు. రాత లేని కాలపు మనిషి పేరు ఎముకల్లోంచి ఊడిపడదు.

బండ బరువు లెక్క వేయడం తేలికే. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం ఉంటే 0.6 ఘనపు మీటర్లు. మన గట్టురాయి ఘనపు మీటరుకు 2.7 టన్నులు తూగుతుంది గనుక మొత్తం 1.6 టన్నులు. దుంగల మీద దొర్లించి, మట్టివాలు మీదుగా లాగడానికి తాళ్లు, ఊరి జనం ఉంటే సరిపోతుంది. దానికి రాజ్యం అక్కర్లేదు. పైగా ఒకే దిబ్బ మీద ఇలాంటి వలయాలు పదులకొద్దీ కనిపిస్తాయి. అందరూ రాజులే అయితే బండలు మోసిందెవరు?

ఇంకో చిక్కుంది. ఈ సమాధుల్లో చాలావాటిలో శవాన్ని నేరుగా పూడ్చలేదు. వేరేచోట ఉంచి, కండ పోయాక కొన్ని ఎముకలు ఏరి తెచ్చి పెట్టారు. ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురివి కలిసి ఉండొచ్చు. అందుకే మొదట చూడాల్సింది ఎంతమంది ఉన్నారన్నది. పద్ధతి ఇది: ఒక మనిషికి ఒక్కటే ఉండే ఎముకను ఎంచుకుని, ఉదాహరణకు కుడి తొడ ఎముక పైకొన, ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు. మూడు కుడికొనలు వస్తే కనీసం ముగ్గురు. ముక్కలన్నీ ఏరకుండా పుర్రె ఒక్కటి చూసి "ఒక్కడే" అనేశారా, ఆ పైన వేసే లెక్కలన్నీ తప్పుతాయి. తీసిన మట్టినంతా 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలనేది ఇందుకే. పసిబిడ్డల పళ్లు, చెవి లోపలి చిన్న ఎముకలు పార అంచున కనపడవు.

అపోహ: పేరు చెక్కిన వస్తువు దొరికితే చిక్కు విడిపోయినట్టే

అదృష్టం ఉంటే విడిపోతుంది. చైనాలో అన్యాంగ్ దగ్గర 1976లో బయటపడిన సమాధిలో ఎముకలు దాదాపు మిగల్లేదు. కానీ వందకు పైగా కంచుపాత్రల మీద ఫూ హావో అనే రాణి పేరుంది. అదే పేరు ఆ కాలపు జోస్యపు ఎముకల మీద రాతల్లోనూ ఉంది. సంబంధం లేని రెండు చోట్ల ఒకే పేరు కలిసింది గనుక అందరూ ఒప్పుకున్నారు.

మన పక్కనే ఉన్న భట్టిప్రోలు చూడండి. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే స్తూపం తవ్వితే రాతి పేటికలు దొరికాయి. వాటి మీద దాతల పేర్లు, కుబీరకుడనే రాజు పేరు ఉన్నాయి. రాతను సగమే చదివినవాడు కుబీరకుడి సమాధి అనేస్తాడు. పేటిక బుద్ధుడి ధాతువుల కోసం చేయించిందని అదే రాత చెబుతోంది. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపాన్నీ రాజుల గోరీ అనుకునే వాళ్లున్నారు. స్తూపం పని వేరు.

నాణేలతో పొరపాటు ఇంకా సులువు. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి కుండ తగిలింది, నిండా రోమన్ బంగారు నాణేలు. వాటి మీద రోమన్ చక్రవర్తులు ట్రేజన్, హేడ్రియన్, రాణి ఫౌస్టీనాల పేర్లు. హేడ్రియన్ చక్రవర్తి నెల్లూరులో పోయాడని ఎవరూ అనలేదు, సంతోషం. సమాధిలో దొరికినా నాణెం చెప్పేది ఒక్కటే: అన్నిటికన్నా కొత్త నాణెం ముద్రించిన ఏడుకు ముందు ఆ సమాధి మూయలేదు. ఎంత తర్వాత మూశారో చెప్పదు. తాతల నాణెం మనవడి నడుముసంచిలో ఉండొచ్చు.

ఈజిప్టులో కేవీ 55 అనే సమాధిలో శవపేటిక మీద రాజనామం ఉండే గళ్లను ఎవరో పనిగట్టుకుని కోసి తీసేశారు. 1907లో తెరిచిన ఆ సమాధిలోని శవం ఎవరిదన్న వాదన ఇంకా నడుస్తోంది. పేటిక ఒకరికి చేసి మరొకరికి వాడటం, పాత సమాధిలో కొత్త శవం దించడం ఎక్కడైనా మామూలే. కాబట్టి పేరు కనిపించగానే వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడు: పేరు ఎవరిది (చనిపోయినవాడిదా, దాతదా, చేసినవాడిదా)? వస్తువు శవంతో పాటే వచ్చిందా, తర్వాత పడిందా? పొర చెక్కుచెదరకుండా ఉందా? మూడోదానికి జవాబు మట్టిలోనే ఉంది. జేసీబీ ఆ మట్టిని లారీకెత్తాక ఎవరూ చెప్పలేరు.

అపోహ: డీఎన్‌ఏ పరీక్ష చేస్తే పేరు వచ్చేస్తుంది

డీఎన్‌ఏ పోలిక చెబుతుంది. పోల్చడానికి ఎదుట ఇంకొకరుండాలి.

ఇంగ్లండులో లెస్టర్ పట్టణంలో కార్లు ఆపే స్థలం కింద 2012లో దొరికిన అస్థిపంజరం ఆ దేశపు పాత రాజు మూడో రిచర్డ్‌దని తేలిన తీరు ఈ పనికి మంచి పాఠం. తల్లి నుంచే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ కోసం రిచర్డ్ అక్క ఆన్ నుంచి ఆడవాళ్ల వరసలో ఇప్పటిదాకా దిగి, బతికున్న ఇద్దరిని వంశవృక్షాల్లో వెతికి పట్టుకున్నారు. అది కలిసింది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ మాత్రం ఆ వంశపు మగవాళ్లతో కలవలేదు. మధ్యలో ఎక్కడో కాగితం మీది తండ్రి, కన్న తండ్రి వేరన్నమాట. వంశవృక్షాల మీద మరీ నమ్మకం పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే మంచిది. చివరికి డీఎన్‌ఏతో పాటు వంకర వెన్నెముక, ముప్పైల్లోని వయసు, యుద్ధపు దెబ్బలు, పూడ్చిన చోటు గురించిన పాత రాతలు, కాలనిర్ణయం అన్నీ కలిపి లెక్కగట్టి 2014లో ప్రచురించారు.

మన దగ్గర మూడువేల ఏళ్లనాటి మనిషికి "ఈ వరసలో దిగిన మనవరాలు" ఎవరని చూపిస్తాం? దానికితోడు ఎండ. వేడి నేలలో డీఎన్‌ఏ త్వరగా తునకలైపోతుంది. హర్యానాలో రాఖీగఢీ నుంచి 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే, 2019లో ప్రచురించదగ్గ ఫలితం ఒక్క స్త్రీ నుంచే వచ్చింది. నమూనాగా అన్నిటికన్నా పనికొచ్చేది చెవి లోపల ఉండే గట్టి ఎముక, పెట్రస్. ఆ తర్వాత పన్ను. వాటిని చేతితొడుగు లేకుండా పట్టుకున్నా, తుడిచినా, పసుపు కుంకుమలు పూసినా ముట్టినవాళ్ల డీఎన్‌ఏ కూడా కలుస్తుంది.

అపోహ: కార్బన్ పరీక్ష చనిపోయిన సంవత్సరం చెబుతుంది

అది సంవత్సరం చెప్పదు, ఒక వ్యవధి చెబుతుంది. రిచర్డ్ విషయంలోనే మొదట వచ్చిన ఫలితం 1430-1460. ఆయన చచ్చిపోయింది 1485లో. అంటే మనిషి తప్పా? తప్పు తిండిది. సముద్రపు చేపలు తినేవాళ్ల ఎముకల్లో సముద్రంలోని పాత కార్బన్ చేరి, వయసు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఎముకలోని నత్రజని, కార్బన్ ఐసోటోపులతో (ఒకే మూలకంలో బరువు వేరైన అణువులు) చేపల వాటా కొలిచి సరిదిద్దితే 1475-1530 వచ్చింది. నెల్లూరు తీరంలో సమాధి దొరికితే ఈ సవరణ తప్పదు. చేపల పులుసు ఊరు కదా.

బొగ్గుముక్కకు పరీక్ష చేసినా జాగ్రత్త అవసరం. బొగ్గు చెప్పేది చెట్టు ఆ వలయం పెంచుకున్న కాలం. రెండువందల ఏళ్ల మాను నడిమి చేవతో చితి పేరిస్తే ఫలితం అన్నేళ్లు వెనక్కి పోతుంది. గింజ, సన్న పుల్ల దొరికితే వాటినే పంపాలి. ఎముకలో కొల్లాజెన్ (కార్బన్ పరీక్షకు కావాల్సిన ప్రొటీన్) అసలు మిగిలిందా అన్నది నేలను బట్టి ఉంటుంది. ఎర్రనేలలు పులుపెక్కువైతే ఎముకను కరిగించేస్తాయి, చివరికి పంటి ఎనామిల్ చిప్పలే మిగులుతాయి. నల్లరేగడిలో సున్నం ఉంటుంది గనుక ఎముక కాస్త నిలుస్తుంది. అయితే ఎండకు బీటలు, వానకు ఉబ్బు, ఆ పోటుకు ముక్కలవుతుంది. బీటల్లోంచి పైపొర వస్తువులు కిందికి జారతాయి కూడా. మూడువేల ఏళ్ల సమాధిలో గాజుముక్క కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు.

అపోహ: ఎముకలు చూసి ఆడా మగా, వయసు ఖచ్చితంగా చెప్పేస్తారు

ఇరవై ఏళ్లలోపు వారికైతే పళ్ల మొలకను బట్టి బాగా దగ్గరగా చెప్పొచ్చు. ముప్పై దాటాక అంచనా వెడల్పవుతుంది, యాభై దాటాక మరీను. మెక్సికోలోని పాలెంకేలో 1952లో తెరిచిన మాయా రాజు పకాల్ సమాధిలో రాతల ప్రకారం ఆయన పుట్టింది 603, పోయింది 683. ఎముకలు మొదట చూసినవాళ్లు 40-50 ఏళ్లవాడన్నారు. దాంతో రాతలే అబద్ధమని దశాబ్దాలపాటు వాదన నడిచింది. తర్వాతి పద్ధతులతో చూస్తే అది ముసలి శరీరమేనని తేలింది.

ఆడా మగా అన్నది తుంటి ఎముక ఉంటే నమ్మకంగా చెప్పొచ్చు. లేకపోతే కత్తి ఉంది కాబట్టి మగ, పూసలున్నాయి కాబట్టి ఆడ అనే అలవాటు దాపురిస్తుంది. స్వీడన్‌లో బిర్కా దగ్గర 1878లో తవ్విన యోధుడి సమాధిని, ఆయుధాలు, రెండు గుర్రాలు చూసి, వందేళ్లకు పైగా మగవాడిదన్నారు. 2017లో డీఎన్‌ఏ చూస్తే స్త్రీ. డీఎన్‌ఏ మిగలనిచోట పంటి ఎనామిల్‌లోని అమెలోజెనిన్ అనే ప్రొటీన్ చెబుతుంది. మన ఎండలకు ఇదే ఎక్కువ పనికొస్తుంది.

అపోహ: చరిత్రలో చెప్పిన గాయం ఎముక మీద కనిపిస్తే చాలు

గ్రీసులో వెర్గినా దగ్గర 1977లో మనోలిస్ ఆండ్రోనికోస్ తెరిచిన రెండో సమాధి చెదరకుండా ఉంది. బంగారు పెట్టెలో కాల్చిన ఎముకలు, ఆయుధాలు, అన్నీ ఉన్నాయి. చనిపోయినవాడి పేరు మాత్రం లేదు. అలెగ్జాండర్ తండ్రి రెండో ఫిలిప్ అని ఒక పక్షం, సవతి అన్న అర్రిడయస్ అని మరో పక్షం. ఫిలిప్ కుడికన్ను బాణం తగిలి పోయిందని చరిత్ర చెబుతుంది. కపాలంలో కుడి కంటిగూడు దగ్గర ఒక గంటు ఉంది. అది గాయమే అన్నారు ఒకరు. మంటకు ఎముక వంకరపోయి, పగిలి, తర్వాత అతికించేటప్పుడు ఏర్పడినదన్నారు మరొకరు. 2015లో ఇంకో బృందం పక్కనున్న మొదటి సమాధిలో బిగుసుకుపోయిన మోకాలు చూపించి, ఫిలిప్ కుంటివాడు గనుక ఇతడే అంది. కత్తిపోటుకు, చితి మంటకు, తవ్వేవాడి గడ్డపారకు మూడింటికీ పగుళ్లొస్తాయి. పగులు అంచు రంగు చూడాలి: పాత పగులు మట్టిరంగులో, కొత్తది తెల్లగా ఉంటుంది. బతికుండగా తగిలిన దెబ్బయితే అంచు గుండ్రబడి మానిన జాడ ఉంటుంది.

అపోహ: మన రాజులందరికీ ఎక్కడో సమాధులున్నాయి, వెతకాలంతే

దహనం చేసి అస్థికలు నీళ్లలో కలిపే ఆచారంలో రాజుకైనా సమాధి మిగలదు. మిగిలేది జ్ఞాపకం. ఇక్ష్వాకులు నాగార్జునకొండలో ఛాయాస్తంభాలు నిలబెట్టారు, రాజు శాంతమూలుడికి కూడా ఒకటుంది. చోళులు కొందరికి పళ్లిప్పడై గుళ్లు, అంటే చనిపోయినవారి స్మారకంగా నిలిపే గుళ్లు, కట్టారు. శ్రీకాళహస్తి దగ్గర ఆదిత్య చోళుడి కోసం ఆయన కొడుకు పరాంతకుడు కట్టించిన గుడి నెల్లూరుకు ఎంతో దూరం లేదు. రుద్రమదేవి మరణం సంగతి 1289 నాటి చందుపట్ల శాసనం వల్ల తెలిసింది, సమాధి వల్ల తెలియలేదు. ఊరి బయట వీరగల్లు (పోరులో పోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) కనిపిస్తే దాని కింద తవ్వడం దండగ. రాయి మీది రాతకు నీళ్లు చల్లి కాగితపు అచ్చు తీయిస్తే అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది.

అపోహ: పైకి తీసి భద్రంగా ఇంట్లో పెడితే మేలు చేసినట్టే

బండ తగలగానే మిషను ఆపాలి. పెన్నో స్కేలో పక్కన పెట్టి, ఉత్తరం ఎటో గుర్తేసి, నాలుగు వైపులా ఫోటోలు తీయాలి. తేలిన ఎముకను లాగొద్దు. పైన పొడిమట్టి కప్పి, నీడ వేయాలి. ఎండలో అరగంట ఉన్నా తడి ఎముక పెచ్చులూడుతుంది. కుండలోని మట్టిని ఒంపేయొద్దు, కడగొద్దు. గింజలు, తిండి జాడలు దొరికేది అందులోనే. ఫెవికాల్, వార్నిష్ పూస్తే కార్బన్ పరీక్ష చెడుతుంది. రాలిన ముక్కలేమైనా ఉంటే ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే చెమట పట్టి బూజొస్తుంది, కాగితంలో చుట్టాలి. తర్వాత తహసీల్దారుకు, పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలపాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గలది నేలలో దొరికితే కలెక్టరుకు చెప్పడం దొరికినవాడి బాధ్యత. గుప్తనిధి అని రాత్రిపూట తవ్వినవాళ్లకు సాధారణంగా దక్కేది పగిలిన కుండలు, కేసు.

తవ్వకందారులు వచ్చాక వలయాన్ని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండే ముందు తవ్వుతారు. మధ్యలో వదిలిన మట్టిగోడ మీద పొరలు కనిపిస్తాయి. పది సెంటీమీటర్ల చొప్పున దిగుతూ, దొరికిన ప్రతిదానికి మూడు కొలతలు రాసి, 1:20 పటం గీస్తారు. ఆఖరికి అన్ని పరీక్షలూ అయ్యాక సంచి మీద చీటీ ఇలా ఉంటుంది: "వలయం 3, పెట్టె, వ్యక్తి 2, స్త్రీ, 25-35 ఏళ్లు". పేరు రాసే గడి అందులో ఉండదు.