టెస్ట్ నెగెటివ్, జబ్బు మాత్రం ఉంది

'టీటీజీ ఐజీఏ: నెగెటివ్' అని రిపోర్ట్‌లో కనపడగానే ఇంట్లో అందరికీ టెన్షన్ తగ్గిపోతుంది. సీలియాక్ (గోధుమ పడక పేగు పొర దెబ్బతినే జబ్బు) కాదట, చపాతీలు మానక్కర్లేదట. కానీ ఆ లైను పక్కన 'టోటల్ ఐజీఏ' అని ఇంకో లైను ఉండాలి. అది లేకపోతే ఆ నెగెటివ్‌ను నమ్మలేం. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఈ జబ్బును 1888లో లండన్ డాక్టర్ శామ్యూల్ గీ వివరంగా రాశాడు. నయమయ్యేదుంటే తిండితోనే అన్నాడు గానీ, ఏ తిండో తేల్చలేకపోయాడు. దోషం గోధుమదేనని నెదర్లాండ్స్ పిల్లల డాక్టర్ విల్లెమ్ డికె 1950లో తన థీసిస్‌లో చూపించాడు. తర్వాత పేగు లోంచి చిన్న ముక్క తీసి చూడటం మొదలైంది. వేళ్లలా నిలబడాల్సిన పొర, కోసేసిన చేనులా చదునుగా కనపడేది.

బయాప్సీ అంటే అందరికీ భయమే, అందుకే రక్తపరీక్ష కోసం వెతికారు. శరీరం పొరపాటున తన సొంత ఎంజైమ్ మీదే యాంటీబాడీలు తయారుచేస్తోందని, ఆ ఎంజైమ్ టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అని 1997లో జర్మనీ పరిశోధకులు పట్టుకున్నారు. టీటీజీ టెస్ట్ అలా వచ్చింది. అది వెతికేది ఐజీఏ రకం యాంటీబాడీని.

అసలు ఐజీఏనే తయారుకాని వాళ్ల సంగతేంటి? జబ్బున్నా వాళ్లకు టీటీజీ నెగెటివే రావొచ్చు, ఆ లోపాన్ని పట్టించేది టోటల్ ఐజీఏ లైనే. యూరప్ జాతుల్లో సుమారు 600 మందిలో ఒకరు అలాంటివాళ్లు. సీలియాక్ ఉన్నవాళ్లలోనైతే నూటికి ఇద్దరు ముగ్గురు. బాధనిపించేదేమిటంటే, ఐజీఏ లోపం, కొవ్వు అరగని విరేచనాలు ఒకే మనిషిలో కలిసి ఉండటాన్ని బెల్జియంలో క్రాబే, హెరెమాన్స్ 1967లోనే రాశారు. అంటే టీటీజీ టెస్ట్‌కు 30 ఏళ్ల ముందే. అయినా ఆ రెండో లైను లేని రిపోర్టులు ఇంకా వస్తూనే ఉన్నాయి. మన దగ్గర తినేది ఎక్కువగా వరి అన్నమే, ఈ జబ్బు కూడా ఉత్తరాది కంటే చాలా తక్కువ. కాబట్టి అసలు ఆ అనుమానం రావడానికే ఆలస్యమవుతుంది.

ఐజీఏ లేకపోతే ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీని వెతికే టెస్ట్ చేస్తారు. సీవీఐడీ (యాంటీబాడీలు సరిగా తయారుకాని జబ్బు) ఉన్నవాళ్లకు ఆ దారీ మూసుకుపోతుంది, వాళ్లలో ఐజీజీ కూడా తక్కువే. పైగా వాళ్లకు మందుగా ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్ దాతల రక్తం నుంచి తీసింది, అందులోని యాంటీబాడీలు టెస్ట్‌ను తప్పుదోవ పట్టించొచ్చు. బయాప్సీలో పొర చదునుగా ఉన్నా గోధుమే కారణమనలేం, జియార్డియా లాంటి ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు. డీక్యూ2, డీక్యూ8 జన్యువులు రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు కాదనే అర్థం. ఉంటే మాత్రం గోధుమలు పూర్తిగా మాన్పించి, కొన్ని నెలలాగి మళ్లీ బయాప్సీ చేసి, పొర లేచిందా లేదా అని చూడాల్సిందే.