వెదురుబద్దల నుంచి వచ్చిన మాటలు: చైనా పదాలు, జాతీయాల గురించి అపోహలు – వాస్తవాలు

చాలా ఏళ్లుగా హైదరాబాదులో చైనా భాష బోధిస్తూ, అనువాదాలు చేస్తూ ఉన్నాను. వైద్యవిద్యకు చైనా వెళ్లే పిల్లలూ, చైనా ఇంజనీర్లతో కలిసి పనిచేసే ఉద్యోగులూ నా దగ్గరికి వస్తుంటారు. బజారులో బేరమాడే భాష వాళ్లకు ఆరు నెలల్లో పట్టుబడుతుంది. చదువు, రాత, సంస్కృతి గురించిన మాటల దగ్గరికి వచ్చేసరికి అడుగు తడబడుతుంది. ఆ తడబాటుకు తెలివి తక్కువ కావడం కాదు, మొదట్లో చెవిన పడిన కొన్ని నమ్మకాలే కారణమని నా అనుభవం.

అపోహ: చైనా అక్షరాలన్నీ బొమ్మలే, బొమ్మ తెలిస్తే అర్థం తెలిసినట్టే.

వాస్తవం: బొమ్మలుగా పుట్టిన అక్షరాలు ఉన్నాయి గానీ అవి కొన్నే. క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ అనే పండితుడు 9,353 అక్షరాలను 540 శీర్షికల కింద వింగడించి నిఘంటువు కూర్చాడు. వాటిలోనే అత్యధిక భాగం, ఒక భాగం అర్థాన్నీ మరో భాగం ధ్వనినీ సూచించే జంట అక్షరాలు. రాతకు, సాహిత్యానికి మూలమైన 'వెన్' అక్షరాన్నే చూడండి. పైన చుక్క, దాని కింద అడ్డగీత, ఆ కింద ఒకదాన్నొకటి కోసుకుంటూ దిగే రెండు వాలుగీతలు. మూడు వేల ఏళ్లకు పూర్వపు ఎముకల మీది రాతల్లో ఇది ఛాతీ మీద గుర్తులున్న మనిషి రూపంలో కనిపిస్తుంది; అది పచ్చబొట్టని ఎక్కువమంది పండితులు అంటారు. అక్కడి నుంచి నగిషీ, నగిషీ నుంచి రాత, రాత నుంచి సాహిత్యం అన్న అర్థాలు వచ్చాయి. ఇంతవరకు బొమ్మ మనకు సాయపడింది. ఇదే అక్షరానికి ఎడమ పక్కన పురుగు గుర్తు చేరిస్తే 'దోమ' అవుతుంది. దోమకూ సాహిత్యానికీ ఏ చుట్టరికమూ లేదు. అక్కడ 'వెన్' ధ్వని కోసమే నిలబడింది.

వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో తరచుగా వినిపించే మాట కూడా ఈ కోవలోదే. సంక్షోభం అనే అర్థమున్న 'వెయ్‌చీ'లో ఒక అక్షరం ప్రమాదమనీ, రెండోది అవకాశమనీ చెబుతారు. మొదటిది ప్రమాదమే. రెండోదైన 'చీ'కి ఆ పదంలో కీలకమైన ఘడియ, మలుపు అని అర్థం. దానికి మరొక అక్షరం తోడైనప్పుడే అది అవకాశం అవుతుంది.

అపోహ: ఉచ్చారణ తెలుగువాళ్లకు అందదు.

వాస్తవం: నాలుగు స్వరాల భేదం, అంటే పలికేటప్పుడు గొంతు ఎత్తుదిగుళ్లను బట్టి అర్థం మారడం, నిజంగానే కష్టం. 'వెన్' అనే ధ్వనే రెండో స్వరంలో రాత, మూడో స్వరంలో ముద్దు, నాలుగో స్వరంలో అడగడం. హల్లుల దగ్గర మాత్రం మనకు పుట్టుకతో వచ్చిన లాభం ఉంది. చైనా ఉచ్చారణను రోమన్ లిపిలో రాసేందుకు 1958లో అమలులోకి వచ్చిన పిన్‌యిన్ పద్ధతిలో 'బీ' అక్షరంతో రాసేది మన అల్పప్రాణ పకారం, 'పీ' అక్షరంతో రాసేది దాని మహాప్రాణం. 'జడ్'తో రాసేది 'చాప', 'చలి' అన్నప్పుడు మనం పలికే దంత్య చకారానికి బాగా దగ్గర. ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా నేర్చుకుంటే ఈ ధ్వనులు వారంలో వస్తాయి.

అపోహ: 'వెన్‌హ్వా' అంటే సంస్కృతి, అంతే.

వాస్తవం: నిఘంటువులో అలాగే ఉంటుంది, వాడుకలో అంతకన్నా విస్తారం. ఒక మనిషికి వెన్‌హ్వా లేదంటే అతనికి సంప్రదాయం తెలియదని కాదు, చదువుకోలేదని. వెన్‌హ్వా స్థాయి అంటే ఎంతవరకు చదివాడన్నది. 1950లలో అక్షరాస్యతా ఉద్యమాల కాలంలో వెన్‌హ్వా నేర్చుకోవడం అంటే చదవడం, రాయడం నేర్చుకోవడమే. నిరక్షరాస్యుణ్ణి 'వెన్ విషయంలో గుడ్డివాడు' అనే అర్థం వచ్చే పదంతో పిలుస్తారు. ఒక దరఖాస్తు పత్రంలో 'వెన్‌హ్వా స్థాయి' అన్న గడిని 'సాంస్కృతిక స్థాయి' అని అనువదించి, అభ్యర్థి నాట్యం, సంగీతం వివరాలు నింపడం నేను కళ్లారా చూశాను. అక్కడ రాయవలసింది 'ఇంటర్మీడియట్' అనే ఒక్క మాట.

అపోహ: నాలుగక్షరాల జాతీయంలో విడి అర్థాలు కూడితే మొత్తం అర్థం వస్తుంది.

వాస్తవం: చైనీయులు 'ఛెంగ్‌యు' అని పిలిచే ఈ జాతీయాల్లో చాలావరకు నాలుగేసి అక్షరాలవే. విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది వీటి దగ్గరే గనుక ఇక్కడ కాస్త ఆగుతాను.

'పు ఖాన్ చ లున్' అనే జాతీయం ఉంది. ఇందులో 'ఖాన్' అక్షరం నేటి భాషలో పత్రికలకు, ప్రచురణకు వాడేది. అందుకే మొదటిసారి చూసినవారు 'ప్రచురణకు తగని వాదన' అని అర్థం చెబుతారు. చైనాలో పుట్టి పెరిగినవారూ ఈ పొరపాటు చేస్తుంటారు. అసలు అర్థం దానికి పూర్తిగా ఎదురు: తిరుగులేని మాట, ఒక్క అక్షరం కూడా మార్చనక్కర లేని మాట. కీలకం ఆ అక్షరం కుడి పక్కన నిలువుగా నిలబడిన రెండు గీతల్లో ఉంది. అది కత్తి గుర్తు. కాగితం వ్యాప్తిలోకి రాకముందు చైనాలో సన్నని వెదురుబద్దల మీద కుంచెతో సిరా రాత రాసి, బద్దలను తాళ్లతో వరుసగా కట్టి చాపలా చుట్టేవారు. రెండు వేల ఏళ్ల కిందటి హాన్ రాజవంశ కాలపు బద్ద పొడవు సాధారణంగా 23 సెంటీమీటర్లు. తప్పు రాస్తే కత్తితో ఆ చోటు గీకి మళ్లీ రాసేవారు, కాబట్టి లేఖకుడి దగ్గర కుంచెతో పాటు చిన్న కత్తి ఉండి తీరాలి. 'ఖాన్' అంటే తొలుత ఆ గీకడమే. గీకనక్కర లేని మాట గనుక తిరుగులేని మాట. తాటాకు మీద గంటంతో రాసిన మన పూర్వులు ఆ కత్తి అవసరాన్ని వెంటనే గ్రహించి ఉండేవారు. నేటికీ 'తొలగించు' అనే అర్థమిచ్చే 'షాన్' అక్షరంలో ఎడమ పక్క తాడుతో కట్టిన బద్దలు, కుడి పక్క అదే కత్తి కనిపిస్తాయి. ఫోనులో సందేశం చెరిపేటప్పుడు చైనీయులు నొక్కే మీట మీద ఉండేది ఈ అక్షరమే.

'వెన్ పు చ్యా త్యెన్' కూడా ఇలాంటిదే. పైకి 'రాతలో చుక్కలు పెట్టకపోవడం' అని కనిపిస్తుంది కనుక విరామచిహ్నాలు లేని రాత అనుకుంటారు. ఇక్కడి చుక్క వద్దనుకున్న అక్షరం మీద సిరాతో పెట్టే కొట్టివేత. హాన్ యుగాంతంలో మీ హెంగ్ అనే కవి విందులో కూర్చుని చిలుక మీద దీర్ఘకవితను ఒక్క కొట్టివేత లేకుండా రాశాడన్న కథనం దీని వెనుక ఉంది. ఆశుధారను మెచ్చుకునే మాటను పట్టుకుని 'మీ రాతలో కామాలు లేవు' అని అనువదిస్తే రచయిత నొచ్చుకోకుండా ఉంటాడా?

అపోహ: ఎన్ని జాతీయాలు వాడితే భాష అంత అందం.

వాస్తవం: ఎవరు, ఎవరి గురించి అనవచ్చో తెలియకుండా వాడితే అవమానం. వెదురంతా అయిపోయినా రాసి ముగించలేమనే అర్థమున్న జాతీయం ఒకటుంది. అది ఏడో శతాబ్దపు సుయి రాజవంశ చక్రవర్తి యాంగ్ పాపాల చిట్టా విప్పిన ప్రకటన నుంచి వచ్చింది, కనుక నేరాలకే చెల్లుతుంది; ఎవరి సేవలకో వాడితే తిట్టినట్టే. అలాగే తన రచనను 'చువో త్సువో' (మొద్దు రచన) అనీ, ఎదుటివారి రచనను 'తా త్సువో' (గొప్ప రచన) అనీ అనాలి. నా విద్యార్థిని ఒకరు తన ఆచార్యుడికి ఉత్తరం రాస్తూ, వినయంగా ఉంటుందనుకుని ఆయన వ్యాసాన్నే 'మీ చువో త్సువో' అని పేర్కొంది. అది పోస్టు కాకముందే నా కంటపడటం నిజంగా అదృష్టం.

అపోహ: ఈ జాతీయాలన్నీ మనకు పూర్తిగా పరాయివి.

వాస్తవం: బౌద్ధ గ్రంథాల అనువాదాలతో చైనా భాషలోకి వెళ్లినవి చాలా ఉన్నాయి. మన అంధగజ న్యాయం అక్కడ 'గుడ్డివాళ్లు ఏనుగును తడమడం' అనే నాలుగక్షరాల జాతీయం. క్రీ.శ. 406లో కుమారజీవుడనే బౌద్ధ భిక్షువు చైనా భాషలోకి తెచ్చిన సద్ధర్మపుండరీక సూత్రమనే బౌద్ధ గ్రంథంలో ఉదుంబర పుష్పం, అంటే మన మేడిపువ్వు, అత్యంత అరుదైన దానికి ఉపమానం. మేడి పూత కాయలోపలే దాగి ఉండి ఎవరికీ కనబడదు గదా. 'థాన్‌హ్వా యీ ష్యెన్' అనే జాతీయం దాని నుంచి పుట్టిందే, కానీ వాడుకలో అర్థం మళ్లింది. మొన్న తరగతిలో, ఒకే ఒక నవలతో పేరు తెచ్చుకుని మరుగైన రచయిత గురించిన వాక్యంలో ఇది వచ్చింది. మూలం తెలిసిన విద్యార్థి సంతోషంగా 'మేడిపువ్వులా అరుదైన ప్రతిభ' అని అనువదించాడు. ఆ పక్కనే మేమిద్దరం కలిసి దిద్ది రాసుకున్న వాక్యం: 'ఆ కీర్తి మెరుపులా మెరిసి మాయమైంది.'