డబ్బు పెట్టి కొన్న వస్తువు మన మాట ఎందుకు వినదు?

నాలుగైదేళ్ళ నాటి ఫోన్ ఒకటి తీసుకోండి. స్క్రీన్ మీద గీత కూడా పడలేదు, కాల్స్ బాగానే వెళ్తాయి, కెమెరా పనిచేస్తుంది, కానీ కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది. కొన్నాళ్ళకి బ్యాంకు యాప్ ఈ ఫోన్‌లో పనిచేయనంటుంది, ఇంకొన్నాళ్ళకి మెసేజ్‌ల యాప్‌దీ అదే మాట. పోనీ వేరే సిస్టమ్ ఎక్కిద్దామంటే చాలా ఫోన్లలో ఫోన్ ఆన్ అవగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్ అనే ప్రోగ్రాముని లాక్ చేసి ఉంచుతారు. చక్కగా ఉన్న వస్తువుని పక్కన పడేసి కొత్తది కొనాలి. టెక్నాలజీ అంటే అంతే, పరుగెత్తుతూ ఉంటుంది అని చాలామంది సరిపెట్టుకుంటారు. నేను సరిపెట్టుకోలేను. ఇది దానంతటది జరిగింది కాదు, ఒకదాని వెనక ఒకటిగా మనుషులు తీసుకున్న నిర్ణయాల వల్ల జరిగింది.

మొదట్లో సాఫ్ట్‌వేర్ విడిగా అమ్మే సరుకు కాదు. 1950ల్లో, 60ల్లో గదిని నింపేసే కంప్యూటర్లని కంపెనీలు ఎక్కువగా అద్దెకిచ్చేవి, ప్రోగ్రాములు వాటితో పాటే వచ్చేవి, వాడేవాళ్ళు వాటిని తమ పనికి తగ్గట్టు మార్చుకునేవాళ్ళు. ఐబీఎం మెషీన్లు వాడే సంస్థలు 1955లోనే షేర్ అనే సంఘం పెట్టుకుని, ఒకరు రాసిన ప్రోగ్రాముని ఇంకొకరు వాడుకునే ఏర్పాటు చేసుకున్నాయి. అందులో పెద్ద ఆదర్శమేమీ లేదు, పని జరగాలంటే అదే సులువు. 1969 జూన్‌లో ఐబీఎం సాఫ్ట్‌వేర్‌కి వేరుగా ధర పెడతామని ప్రకటించింది. గుత్తాధిపత్యం విషయంలో అమెరికా ప్రభుత్వం దాని మీద కేసు వేసింది కూడా ఆ ఏడాదే. తర్వాత 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ ఒక బహిరంగ లేఖ రాసి, ఆల్టెయిర్ కంప్యూటర్ కోసం తాము తయారుచేసిన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌ని జనం డబ్బు కట్టకుండా కాపీ కొట్టేస్తున్నారని మండిపడ్డారు.

రాసినవాళ్ళకి డబ్బు రావాలన్న మాటతో నాకు పేచీ లేదు. ధర పెట్టడం ఒక సంగతి, లోపల ఏముందో కనపడకుండా దాచడం వేరే సంగతి, కానీ ఆ పదేళ్ళలో ఈ రెండూ ఒకటే అన్నట్టు కలిసిపోయాయి. 1980లో అమెరికా కాపీరైట్ చట్టంలోకి కంప్యూటర్ ప్రోగ్రాముల్ని స్పష్టంగా తెచ్చారు. 1983లో యాపిల్, ఫ్రాంక్లిన్ కంపెనీల మధ్య నడిచిన కేసులో, మనిషి చదవలేని మెషీన్ కోడ్‌కి కూడా కాపీరైట్ ఉంటుందని అప్పీలు కోర్టు తేల్చింది. ఐబీఎం కూడా తన సాఫ్ట్‌వేర్‌కి సోర్స్ కోడ్, అంటే మనుషులు చదివి మార్చుకోగలిగే అసలు రాత, ఇవ్వడం ఆపేస్తామన్నది అదే ఏడాది.

ఇక్కడే ప్రింటర్ కథ వస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా లోపల చూసి, మార్చుకుని, పంచుకోగలిగే సాఫ్ట్‌వేర్) గురించి కాస్త తెలిసినవాళ్ళందరూ విన్నదే, అయినా వివరంగా చెప్పుకోవాల్సిందే. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఒక పాత ప్రింటర్‌లో కాగితం తరచూ ఇరుక్కునేది. ప్రింటర్ ఇంకో గదిలో, మనుషులు తమ సీట్లలో. ఇరుక్కుందని ఎవరికీ తెలియదు, అరగంట ఆగి వెళ్ళి చూస్తే ఒక్క పేజీ కూడా వచ్చి ఉండదు. అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ ఆ ప్రింటర్ ప్రోగ్రాముని మార్చి, కాగితం ఇరుక్కుంటే ప్రింట్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ స్క్రీన్ల మీద ఆ సంగతి కనిపించేలా చేశాడు. కాగితం ఇరుక్కోవడం ఆగలేదు గానీ ఎవరో ఒకరు వెంటనే లేచి వెళ్ళి సరిచేసేవాళ్ళు. 1980 ప్రాంతంలో జిరాక్స్ కంపెనీ నుంచి కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. వేగం ఎక్కువ, ఇరుక్కోవడం మాత్రం ఉంది, కానీ ఈసారి సోర్స్ కోడ్ రాలేదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒకరి దగ్గర అది ఉందని తెలిసి స్టాల్‌మన్ వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చాను అని ఆయన కుదరదనేశాడు. సమస్య అదే, దాన్ని ఎలా తీర్చాలో తెలిసిన మనిషీ ఉన్నాడు, చెయ్యి పెట్టే వీలు మాత్రం లేదు. నాకు తెలిసి ఈ మొత్తం గొడవని ఇంతకంటే సూటిగా చూపించే ఉదాహరణ లేదు.

1983 సెప్టెంబర్ 27న స్టాల్‌మన్ అందరూ చూసి మార్చుకోగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టుని ప్రకటించాడు, మరుసటి జనవరిలో ఎంఐటీ ఉద్యోగం వదిలేశాడు, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. ఆయన అడిగింది చిన్నదే: ప్రోగ్రాముని ఏ పనికైనా వాడుకోవాలి, లోపల చూసి మార్చుకోవాలి, పదిమందికి ఇవ్వాలి, మార్చినదాన్నీ ఇవ్వాలి. 1989లో వచ్చిన జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) అనే లైసెన్సు దీనికి చట్టం బలం ఇచ్చింది. కాపీరైట్ చట్టాన్ని వాడుకునే, ఈ కోడ్ తీసుకుని ప్రోగ్రాముని పంచిపెట్టేవాళ్ళు సోర్స్ కూడా ఇచ్చి తీరాలని షరతు పెట్టింది. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) మరుసటి ఏడాది ఈ లైసెన్సు కిందికి వచ్చింది.

ఆ షరతు కాగితం మీద మాటే కదా అనేవాళ్ళకి నేను 2003 నాటి రూటర్ సంగతి చెప్తాను. లింక్‌సిస్ అనే కంపెనీ అమ్మే డబ్ల్యూఆర్‌టీ54జీ అనే మామూలు వైఫై రూటర్‌లో లినక్స్ ఉందని, సోర్స్ మాత్రం ఇవ్వలేదని కొందరు కనిపెట్టారు. ఒత్తిడి పెరిగింది, కంపెనీ సోర్స్ బయటపెట్టింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌వర్ట్ అనే, రూటర్లలో ఎక్కించుకునే సిస్టమ్ పుట్టింది. అంతే, ఇంట్లో మూల పడి ఉండే ఆ చిన్న డబ్బా కంపెనీ ఊహించని పనులు చేయడం మొదలుపెట్టింది: ప్రకటనలు అడ్డుకోవడం, ఇంట్లో ఎవరికి ఎంత స్పీడ్ పోవాలో పంచడం, కంపెనీ పట్టించుకోని భద్రతా లోపాలు సరిచేయడం. తర్వాత వచ్చిన మోడల్‌లో లినక్స్ తీసేసి మెమరీ తగ్గిస్తే కొనేవాళ్ళు గోల చేశారు, చివరికి లినక్స్ ఉన్న రకాన్ని వేరే పేరుతో అమ్మాల్సి వచ్చింది. సోర్స్ చేతికొస్తే మామూలు ఇంట్లో ఏం మారుతుందో ఇదే సాక్ష్యం.

మరి ఎక్కడ తేడా కొట్టింది? రెండు చోట్ల. మొదటిది 1998లో అమెరికా తెచ్చిన డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టం. డిజిటల్ తాళాన్ని తప్పించడమే నేరం అంది. సినిమాల దొంగ కాపీల కోసమని తెచ్చిన చట్టాన్ని లెక్స్‌మార్క్ కంపెనీ 2002లో ప్రింటర్ టోనర్ డబ్బాల మీద ప్రయోగించింది. వేరేవాళ్ళ చిప్ ఉన్న డబ్బా పెడితే కాపీరైట్ ఉల్లంఘన అంది. 2004లో అప్పీలు కోర్టు కాదంది, కానీ ఆ ఆలోచన ఆగలేదు. 2015లో ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ అమెరికా కాపీరైట్ ఆఫీసుకి రాసిచ్చిందేమిటంటే, రైతుకి దక్కేది ఆ బండి ఉన్నంత కాలం దాన్ని నడుపుకునే లైసెన్సు మాత్రమే అని. లక్షలు పోసి కొన్న ట్రాక్టర్!

అదే ఏడాది జూలైలో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, బండి సాఫ్ట్‌వేర్‌లో యజమానుల్ని చెయ్యి పెట్టనిస్తే కాలుష్యం పెరుగుతుందని అభ్యంతరం చెప్పింది. రెండు నెలలకే ఫోక్స్‌వ్యాగన్ బండారం బయటపడింది. పరీక్ష జరుగుతోందని కనిపెట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు కోటీ 10 లక్షల డీజిల్ కార్లలో ఉందని తేలింది. దాచిన కోడ్ ఎవరిని కాపాడిందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ అక్టోబర్‌లో బండ్లకీ ట్రాక్టర్లకీ చట్టంలో మినహాయింపు ఇచ్చారు.

రెండో తేడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళ మధ్యే వచ్చింది. టీవీ కార్యక్రమాలు రికార్డు చేసే టీవో పెట్టెలో లినక్స్ ఉంది, సోర్స్ కూడా ఇచ్చారు, కానీ మీరు మార్చిన కోడ్‌ని ఆ పెట్టె నడపదు, కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న కోడ్ అయితేనే నడుపుతుంది. దీన్ని అడ్డుకోవడానికి 2007లో జీపీఎల్ మూడో వెర్షన్ వచ్చింది. టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు, కోడ్ తిరిగి ఇస్తే చాలు, హార్డ్‌వేర్ వాళ్ళిష్టం అన్నాడు, లినక్స్ రెండో వెర్షన్‌లోనే ఉండిపోయింది. మరుసటి ఏడాదే ఆండ్రాయిడ్ ఫోన్లు అదే కెర్నల్‌తో మార్కెట్లోకి వచ్చాయి. టోర్వాల్డ్స్ అంటే నాకు చాలా గౌరవం, కానీ ఈ విషయంలో ఆయన లెక్క ఇంజనీర్లకి సరిపోయింది, వాడుకునే మనిషికి సరిపోలేదు. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి, జేబుల్లోని చాలా ఫోన్లలోనూ అదే ఉంది, అయినా ఫోన్ యజమాని చేతిలో ఏమీ లేదు.

ఆ తర్వాతివి అందరికీ తెలిసినవే. 2009లో అమెజాన్ జనం డబ్బిచ్చి కొనుక్కున్న నవలల్ని కిండిల్‌లోంచి దూరం నుంచే తుడిచేసింది. అమ్మినవాళ్ళకి హక్కుల్లేవని కారణం చెప్పి, డబ్బు వాపసిచ్చి, తర్వాత క్షమాపణ చెప్పింది. 2016లో ఇంట్లోని స్మార్ట్ పరికరాల్ని నడిపే రివాల్వ్ అనే హబ్‌కి సర్వర్లు ఆపేస్తే 300 డాలర్ల పరికరం ఒక్క రోజులో పనికిరాకుండా పోయింది.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది కారెన్ శాండ్లర్ అనుభవం. గుండె జబ్బు వల్ల ఆమె ఒంట్లో డీఫిబ్రిలేటర్ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం) అమర్చాలన్నప్పుడు అందులోని సాఫ్ట్‌వేర్ చూపించమని తయారీ కంపెనీల్ని అడిగారు. ఎవరూ చూపించలేదు. తర్వాత ఆమె గర్భంతో ఉండగా, ఆ సమయంలో మామూలుగా వచ్చే గుండెదడని ప్రమాదం అనుకుని ఆ పరికరం అనవసరంగా షాక్ కొట్టింది. సొంత గుండెకి కలిపిన మెషీన్ ఏ లెక్కన నిర్ణయం తీసుకుంటోందో చూసే వీలు ఆమెకి లేదు, ఆమె డాక్టర్లకీ లేదు.

శాండ్లర్ ఇప్పుడు నడిపిస్తున్న సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే సంస్థ, టీవీల్లో జీపీఎల్ కోడ్ పెట్టి సోర్స్ ఇవ్వలేదని 2021 అక్టోబర్‌లో టీవీల కంపెనీ విజియో మీద కాలిఫోర్నియాలో కేసు వేసింది. జీపీఎల్ కేసులు మామూలుగా కోడ్ రాసినవాళ్ళు కాపీరైట్ కింద వేసేవి. ఈ కేసులో వాళ్ళు కోర్టుకి వెళ్ళింది టీవీ కొన్నవాళ్ళుగా. ఆ లైసెన్సు మా కోసం కూడా రాసిందే, కాబట్టి సోర్స్ అడిగే హక్కు మాకూ ఉంది అన్నది వాళ్ళ వాదన. ఇది కాపీరైట్ గొడవే, ఫెడరల్ కోర్టులోనే తేలాలి అని కంపెనీ పట్టుబట్టింది, కానీ 2022లో ఫెడరల్ జడ్జి కేసుని తిరిగి రాష్ట్ర కోర్టుకే పంపారు. ఈ వాదన నిలబడితే టీవీ, రూటర్, ఫోన్ కొన్న ఎవరైనా, ఒక్క లైను కోడ్ రాయడం రాకపోయినా, కంపెనీని నేరుగా సోర్స్ అడగొచ్చు.