పక్కింటి మాట

చిరంజీవులకు,

మంచి అలవాట్లు బడిలో నేర్చుకుంటామని మీరంటారు. నేనైతే ఇంటా పొరుగునా చూసి నేర్చుకున్నవే ఎక్కువంటాను. ఊరు విడిచి పారిపోయి వచ్చినవాళ్లకు ముందుగా దూరమయ్యేది ఆ పొరుగే.

మన హైదరాబాదులో బాలాపూర్ వైపు గుడిసెల్లో రోహింగ్యాలు ఉంటున్నారు. వాళ్లది మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం. 2017లో సైనిక దాడులకు భయపడి ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్ చేరారు. అంతకుముందు 2012 అల్లర్లప్పుడూ చాలామంది ఊళ్లు వదిలారు.

అలా వచ్చిన ఒక తల్లిని ఊహించుకోండి. బిడ్డకు టీకా వేయించాలి. చీటీ ఏ కిటికీ దగ్గర రాయించాలో తెలియదు. గోడ మీది పోస్టరు ఆమెకు ఉత్త బొమ్మ. ముందే వచ్చి స్థిరపడిన పక్కింటామె తన పిల్లను చంకనేసుకుని వెంట వెళ్తుంది. "రాత్రికి ఒళ్లు వెచ్చబడుతుంది, కంగారు పడకు, మావాడికీ అంతే" అని చెబుతుంది. రెండో టీకాకు ఆ తల్లి ఒక్కతే వెళ్తుంది.

తనవాళ్ల తోడు ఆరోగ్యానికి మేలు చేస్తుందన్నది నా ఊహ మాత్రమే కాదు. కాలిఫోర్నియాలోని జపనీయుల మీద మార్మట్, సైమ్ అనే పరిశోధకులు 1976లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ జపనీయులు శరణార్థులు కారు, వలస వెళ్లిన కుటుంబాలవాళ్లు. అమెరికాలో ఉంటూనే తమవాళ్లతో పాత బంధాలు నిలుపుకొన్నవారిలో గుండె జబ్బులు దాదాపు జపాన్‌లో ఉన్నంత తక్కువే. అమెరికా పద్ధతుల్లో పూర్తిగా కలిసిపోయినవారిలో మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ. తిండి, పొగ, రక్తపోటు లెక్కగట్టినా ఆ తేడా పోలేదు. నన్నడిగితే ఆశ్చర్యమంతా అక్కడే ఉంది.

అలాగని బంధాలన్నీ మేలే చేయవు. రోహింగ్యాల ఇళ్లలో వక్క, ఆకు నమలడం మామూలు. అందులో పొగాకూ చేరుతుంది. పెద్దవాళ్లు అందిస్తే కాదనడం కష్టం. మన పెళ్లిళ్లలో మాత్రం తాంబూలం వద్దనేవాళ్లు ఎందరు? మానేటప్పుడూ మనిషి ఒంటరిగా మానడు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో జనాన్ని దశాబ్దాలపాటు గమనించి పరిశోధకులు 2008లో తేల్చింది ఇదే: స్నేహితులూ బంధువులూ గుంపులు గుంపులుగా సిగరెట్లు మానేశారు.

మరో సంగతి. కొత్త దేశంలో భాష ముందుగా పట్టుబడేది పిల్లలకే. అందుకే ఆసుపత్రిలో అమ్మకు దుబాసీ పదేళ్ల కొడుకే అవుతాడు. కానీ తన ఆడజబ్బు వాడితో ఎలా చెప్పించగలదు? కడుపు నొప్పని చెప్పించి బిళ్లలు తెచ్చుకుంటుంది. భాష వచ్చిన ఆడమనిషి ఒకరు తోడుంటే అసలు బాధ డాక్టరు దాకా చేరుతుంది.

మీ అమ్మమ్మ,
హైదరాబాదు